మాస్టారు అన్న 'అయితే'

మా ఇంట్లో అందరివీ రొయ్యల చెరువులు. నా ఒక్కదానిదే క్వాంటమ్ ఫిజిక్స్. పెళ్ళిళ్ళలో ఎవరైనా నేనేం చేస్తుంటానని అడిగితే మా బాబాయి, కాలేజీలో పాఠాలు చెబుతుందండి అని అక్కడితో ఆపేస్తాడు. మిగతాది నేను మొదలుపెడితే విస్తళ్ళ ముందు నుంచి జనాన్ని లేవనివ్వనని ఆయన భయం. నాకు నిదానంగా చెప్పడం రాదు, నిదానంగా వినడం అసలే రాదు. ఎదుటివాళ్ళ వాక్యం వాళ్ళకంటే ముందు నేనే పూర్తి చేసేస్తాను. కాలుగాలిన పిల్లి అని మా అమ్మ చిన్నప్పుడు పెట్టిన పేరు నలభై దాటినా మారలేదు.

పీహెచ్‌డీలో చేరిన మొదటి నెలలోనే మా గైడు హెచ్చరించారు, పునాదుల్లోకి దిగినవాళ్ళు పైకి రారని. క్వాంటమ్ సిద్ధాంతం చెప్పే లెక్కలు ఎక్కడా తప్పవు. కానీ ఆ లెక్కలకి అర్థం ఏమిటన్నది పెద్దపెద్దవాళ్ళకే తేలలేదు. ఆ తేలనిదే నాకు కావాల్సి వచ్చింది. జంటగా పుట్టిన రెండు కణాలు చెరో దిక్కుకి వెళ్ళిపోతాయి. ఇక్కడ ఒకదాన్ని కొలిస్తే, అక్కడ రెండోదాన్ని కొలిచినప్పుడు వచ్చే ఫలితం దీనికి జతపడుతుంది. మరి రెంటిలో ఏది ముందు కొలిచినట్టు? సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఆ ప్రశ్నకి ఒక్కోసారి జవాబే లేదు. ఒకరు చూస్తే ఇది ముందు, ఇంకొకరు చూస్తే అది ముందు, ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు. ఆ ముందువెనకల చుట్టూ నేను పద్దెనిమిదేళ్ళు తిరిగాను. నాతో చదివినవాళ్ళు పనికొచ్చే ఫిజిక్సులోకి వెళ్ళి ప్రొఫెసర్లయ్యారు. నేను భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో ఫస్టియర్ పిల్లలకి ఏటేటా అదే లేజర్ పాఠం చెప్పుకుంటూ ఉండిపోయాను.

చివరికి ఒక పేపరు కుదిరింది. బయటికి పంపేముందు దాన్ని ప్రింటు తీసి మా మాస్టారికి పోస్టు చేశాను. ఆయన నాకు డిగ్రీలో ఫిజిక్స్ చెప్పారు. రిటైరయ్యాక నరసాపురానికి గోదావరి అవతల, వాళ్ళ సొంతూళ్ళో ఉంటున్నారు. నాకీ పిచ్చి అంటించింది ఆయనే. వారం తర్వాత ఫోను చేస్తే, "బావుందమ్మా. అయితే..." అన్నారు. అయితే పెద్ద పత్రికకే పంపమంటారు, అంతేకదండీ అని నేనే పూర్తి చేసి, సంతోషం పట్టలేక ఫోను పెట్టేశాను.

పెద్ద పత్రికకే పంపాను. వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. ఆ మాట మాస్టారికి ఫోన్లో చెప్పి వెంటనే పెట్టేశాను. దరఖాస్తుతో పంపిన ఆ పేపరు చూసి ఒక పెద్ద పరిశోధన సంస్థ నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది. ఇంక లేజర్ పాఠం ఉండదు, పొద్దస్తమానం నా ప్రశ్నతోనే ఉండొచ్చు. ఆలూ లేదు చూలూ లేదు, అక్కడ నా గది కిటికీలోంచి ఏం కనిపిస్తుందో కూడా ఊహించేసుకున్నాను. ఇంటర్వ్యూ ఇంక వారం ఉందనగా మాస్టారికి ఈ కబురు స్వయంగా చెప్పాలని నరసాపురం రేవులో పంటు ఎక్కాను.

బళ్ళనీ మనుషుల్నీ కలిపి ఏరు దాటించే ఆ పంటు మీద ఆరోజు ఒక పక్కంతా పొడుగాటి రొయ్యల వ్యాను పట్టేసింది. రెండో పక్క సందులో ఒకదాని వెనక ఒకటి రెండు మోటారు సైకిళ్ళు. వెనక బండికి ఐసు పెట్టె కట్టి ఉంది. అవతలి ఒడ్డు దగ్గరపడుతుంటే ఐసు కరిగిపోతోంది, ముందు నన్ను దిగనివ్వండని ఆ బండాయన మొదలుపెట్టాడు. ముందు బండాయన కదల్లేదు. దాంతో ఐసు పెట్టె ఆయన న్యాయం తీశాడు.

"నేను వ్యాను పక్కనే ఉన్నానండి. మీరూ వ్యాను పక్కనే ఉన్నారు. ఇంక మన్లో ముందేంటి, వెనకేంటి? ఇద్దరం ఒకటే."

చేపల తట్ట పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ తలైనా ఎత్తకుండా అంది, "వ్యాను పొడుగైతే నువ్వు ముందుకొచ్చేసినట్టా బాబూ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగానే నేను రాసిందొకటి గుర్తొచ్చింది.

నా పేపరు పదకొండో పేజీలో మూడు కొలతలు ఉన్నాయి, మూడు దూరదూర చోట్ల. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ముందువెనకలు లేవు. రెండోదానికీ మూడోదానికీ మధ్య కూడా లేవు. కాబట్టి మొదటిదానికీ మూడోదానికీ మధ్య లేవు అని రాసేశాను. ఐసు పెట్టె ఆయన వాదన అచ్చంగా ఇదే. నడుమ ఉన్నదాని పక్కన ఇద్దరూ ఉన్నంతమాత్రాన ఒకడు ఇంకొకడికి ముందు ఉండకూడదని ఎక్కడుంది? నా పేపరులో ఆ తర్వాత పేజీలన్నీ ఆ ఒక్క 'కాబట్టి' మీదే నిలబడ్డాయి.

ఫోన్లో పేపరు ఫైలు తెరిచి చూశాను, మూసేశాను, మళ్ళీ తెరిచాను. పంటు ఒడ్డుకి ఆనింది, ఎవరు ముందు దిగారో చూడలేదు. ఆటోలో వెళ్తున్నంతసేపూ నాతో నేనే బేరాలాడాను. పత్రిక వాళ్ళు పేపరు చూడమని ఇచ్చిన ఇద్దరు పండితులకే ఇది కనిపించలేదు. అచ్చయ్యాక ఎవరైనా పట్టుకునేసరికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా నేను ఆ గదిలో ఉంటాను, తీరిగ్గా దిద్దుకుంటాను. వారం రోజులు నోరు మూసుకుంటే చాలు. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మాస్టారు వీధి అరుగు మీదే కూర్చుని ఉన్నారు. ఇంటర్వ్యూ సంగతి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది, కాఫీ పెట్టమని లోపలికి కేకేశారు. ఆ వెలుగు చూస్తూ దాచడం నావల్ల కాలేదు. కాఫీ రాకముందే చెప్పేశాను, పదకొండో పేజీ తప్పు మాస్టారూ అని. వ్యాను, బళ్ళు, ఐసు పెట్టె అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆయన లేచి లోపలికి వెళ్ళి, బీరువాలోంచి నేను పోస్టులో పంపిన కాపీ తెచ్చి నా చేతిలో పెట్టారు. పదకొండో పేజీ అంచున పెన్సిలుతో సన్నగా రాసి ఉంది, 'ఈ కాబట్టి ఎలా వచ్చింది?'

నాకు కోపం వచ్చింది, అదీ ఆయన మీద. ఇన్నాళ్ళూ బీరువాలో పెట్టుకుని కూర్చున్నారా, ఒక్క మాట ఎందుకు చెప్పలేదండీ అని అడిగేశాను. అంత గట్టిగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"చెప్పబోయానమ్మా. 'అయితే' అన్నాను. నువ్వు పెట్టేశావు," అన్నారు. మళ్ళీ ఆయనే, "తర్వాత వాళ్ళు ఒప్పుకున్నారన్నావు. డిగ్రీ కాలేజీ మాస్టర్ని కదా, నాకే అర్థం కాలేదేమో అనుకున్నాను," అన్నారు.

ఆ అయితేని నేను 'అలాగైతే' అని విన్నాను. ఆయన అన్నది 'కానీ'. మన భాషలో రెంటికీ ఒకటే మాట, ఏదన్నది తెలియాలంటే తర్వాతి మాట దాకా ఆగాలి. నేను ఆగలేదు. ముందువెనకల మీద పద్దెనిమిదేళ్ళు పనిచేసినదాన్ని, ఒక వాక్యంలో వెనక వచ్చే మాట కోసం నిమిషం ఆగలేకపోయాను. కాఫీ వచ్చింది, తాగి లేచాను.

తిరుగు పంటు మీదే పత్రిక వాళ్ళకి మెయిలు రాశాను, పేపరు వెనక్కి తీసుకుంటున్నానని, ఏ పేజీలో ఏం తప్పో వివరంగా. ఇంటర్వ్యూకి వెళ్ళాను. అనుకున్నట్టే మొదటి ప్రశ్న ఆ పేపరు మీదే. బోర్డు మీద ఒక వ్యానూ రెండు బళ్ళూ గీసి, ఎందుకు తప్పో చెప్పాను. బాగా నవ్వారు, మర్యాదగా కాఫీ ఇచ్చారు, ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో సామర్లకోట దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆ ఏడు కూడా లేజర్ పాఠం నాదే. మా బాబాయి మాత్రం, ఊళ్ళోనే ఉంటున్నందుకు సంతోషించాడు.

ఆ 'కాబట్టి' లేకుండా నిలబడే పేపరు ఒకటి రాయడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది. ఈమధ్య దాన్ని పోస్టు చేసేటప్పుడు, తప్పులు వెతికి పెట్టండి మాస్టారూ అని పైన చీటీ అంటించాను. వారం ఆగాను. నిన్న సాయంత్రం ఆయనే ఫోను చేశారు.

"బావుందమ్మా. అయితే..." అన్నారు.

నేను ఫోను చెవికి ఆనించుకుని, పళ్ళు బిగబట్టి, ఆగాను.