వేలికి చుట్టిన రబ్బరు

మా చిన్నమ్మ పోయింది. పోచంపల్లిలో జీవితమంతా చిటికి కట్టిన మనిషి, వేలి మీద చిన్న గాయంతో పోయింది. "ఆయుష్షు తీరింది" అంటున్నారు బంధువులు. నేను ఒప్పుకోను.

చిటికి కట్టడమంటే, రంగు అంటకూడని చోట నూలుకు సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీ బిగించి చుట్టడం. ఆమె చుడితే లోపలికి చుక్క దిగేది కాదు. ఎవరి ముడి అయినా వదులైతే, "గిది ముడా, పెండ్లికొడుకు పంచెనా? ఊకె జారుతాంది" అని నవ్వేది. తల్లిలేని నన్ను పెంచింది ఆ ముడులే. నా కోపం చూసి, "బిగిచ్చి కట్టు బిడ్డా, గని తెంపకు" అనేది.

బ్లేడుకు తెగిన వేలికి చిన్నాయనతో అదే రబ్బరు చుట్టించుకుంది. నూలుకు రంగు అంటనీయని కట్టు గాయానికి మురికి అంటనిస్తుందా అనుకున్నారిద్దరూ. మూడు రోజులు అలాగే పని చేసింది. చేనేత కష్టాల మీద ఉపన్యాసానికి పోతూ నేనూ చూశాను.

"దవాఖానకు పో చిన్నమ్మా."

"నువ్వు పోయి మైకుల మాట్లాడు. గీ నూలుకట్ట పని ఒడగొట్టినంక పోత."

పోయాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

నాలుగో రోజు జ్వరం, విరేచనాలు, ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు. పట్నం దవాఖాన చేరేసరికి బీపీ అందలేదు.

"కట్టు కింద పెరిగిన క్రిమి ఒక విషం వదిలినట్టుంది. పేగుల్లో ఉండే వేరే క్రిముల విషం కొంచెం రక్తంలో కలిసినా మామూలుగా ఒళ్ళు తట్టుకుంటుంది. కానీ మొదటి విషం ఎక్కిన ఒంటికి రెండోది రవ్వంత చాలు" అంది డాక్టరమ్మ.

సరే, చావు కాగితం మీద రెండు విషాలే రాయండి. వేలు తెగినా ఒక్క పూట సెలవు లేని పనిని ఏ గడిలో రాస్తారు? చూసి కూడా మైకు దగ్గరికి పోయిన నన్ను?

"నేనే సంపిన్రా. నేనే బిగిచ్చి కట్టిన" అని చిన్నాయన తల కొట్టుకుంటుంటే, డాక్టరమ్మ మాట చెప్పాను. ఒక్క విషంతో పోలేదన్నాను. తల కొట్టుకోవడం ఆపాడు.

"గయితే నేను సగమే సంపిన్నా రా?"



ఆమె కట్టిన ఆఖరి నూలుకట్ట రంగు ఆరి దండెం మీద ఉంది. ముడులు కోయాలి. చిన్నాయన పొద్దున్నే బ్లేడు పట్టుకుని దాని ముందు కూర్చుంటాడు. ఒక్కో ముడినీ వేలితో తడుముతాడు. ఏదీ జారలేదు. బ్లేడు కింద పెట్టేస్తాడు.