అక్క కాలి కట్టూ, కళ్ళజోడులోని ఆవులూ

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నా నోట్లో పడితే మేకపిల్ల కూడా ఎనుమైపోతుంది. కాబట్టి ఏదైనా నమ్మబుద్ధి కాకపోతే సగానికి సగం కొట్టేసుకుని చదువుకోండి.

సోగత్తూరులో మా అక్క నాలుగు ఆవులను మేపుతుంది. దాణా ఉడికిన కుండ దించబోయి ఎడమ కాలి మీద ఒలకబోసుకుంది. మోకాలి కింద నుంచి మడమ దాకా కాలింది. రోజు విడిచి రోజు ధర్మపురి ఆసుపత్రికి వచ్చి కట్టు మార్పించుకోవాలన్నారు. కట్టంటే అలాంటిలాంటి కట్టు కాదు, విప్పి పరిస్తే మొరప్పూర్ రైల్వేస్టేషన్ దాకా వస్తుంది. మొదటిసారి విప్పినప్పుడు అక్క పెట్టిన కేకకు బస్టాండులో హోసూరు బస్సు డ్రైవరు బ్రేకు తొక్కాడు. రెండోసారి నర్సు చేతిలో కత్తెర లాక్కుని కొంగులో దాచేసింది. మూడోసారికి అసలు ఇల్లు కదలనంది.

"కుళ్ళిపోతే పోనీరా! నా కాలు, నా ఇష్టం."

ఆ సంగతి చెప్పడానికి నేనొక్కణ్ణే ఆసుపత్రికి వెళితే డాక్టరు నన్ను పక్కకు పిలిచి, పుండు శుభ్రం చేయనివ్వకపోతే చీము పడుతుందనీ, తర్వాత కాలు దక్కడమే కష్టమనీ చెప్పాడు. ఈ మాటలో నేను కలిపిందేమీ లేదు.

బతిమాలి బామాలి, ఆమె ఆవుల మీద ఒట్టు వేయించి ఆటో ఎక్కించాను. ఆరోజు నర్సు చేతిలో కొత్త సామాను ఉంది. నల్లటి పెద్ద కళ్ళజోడు, తల వెనక్కి పట్టీ. అది పెట్టుకుంటే మనం ఇంకెక్కడో ఉన్నట్టే ఉంటుందట, తల ఎటు తిప్పినా ఆ లోకమేనట. మనసు అటు పోతే నొప్పి అంతగా తెలియదట.

"గానుగెద్దుకు కట్టినట్ల నాకు గంతలు కడతావా పాపా?" అంది అక్క.

ఊరు తమిళులదైనా, మాలాగే నర్సుది కూడా తెలుగిల్లే. "గంతలు కడితే ఏమీ కనపడదు పెద్దమ్మా. ఇది కడితే కొండలు కనపడతాయి. చూసి చెప్పు."

నేను అక్క కుడిచెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. జోడు తగిలించారు. అక్క మెడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"పచ్చిక! మోకాటెత్తు పచ్చిక! ఎవురి బీడు ఇది? ఆవులుండాయి... దేవుడా, పొదుగులు నేలకు తగలతా ఉండాయి. ఇంత పొద్దెక్కినా పిండలేదు. మనుషులేనా వీళ్ళు!"

నర్సు తడిపిన గుడ్డను కొంచెం కొంచెంగా ఊడదీస్తోంది. "ఎన్నుండాయి పెద్దమ్మా?"

"ఉండు, కదలతా ఉండాయి. ఏడు. కాదు, చెట్టెనక ఇంకోటి. ఆ ఎర్రది కుంటతా ఉండాది. గిట్టలో ముల్లు ఇరిగినట్లుంది. పట్టుకోండి దాన్ని!"

పట్టుకోమని ఊరుకుందా? గాల్లోకి చెయ్యి చాచి, కట్టు చూడవచ్చిన డాక్టరు మెడలోని స్టెతస్కోపును పలుపుతాడులా ఒడిసి పట్టింది. ఆయన పాపం, సాధువైన ఆవులా తల వంచుకుని నిలబడ్డాడు.

చివరి పొర ఊడేటప్పుడు మాత్రం అక్క పళ్ళు బిగపట్టింది.

"నొప్పుందా పెద్దమ్మా?"

"ఉండాది. కానీ పక్కింట్లో ఉండాది. నువ్వు కానియ్యి."

కొత్త కట్టు పడింది. పుండు అంచుల్లో లేతచర్మం వస్తోందని డాక్టరు మెడ సవరించుకుంటూ చెప్పాడు. జోడు తీయగానే అక్క నర్సును నిలదీసింది.

"ఎల్లుండి నేనొచ్చే పొద్దుకు వాటిని ఎవురన్నా పిండి ఉండాల. లేకుంటే చూడు!"

అంటే ఎల్లుండి వస్తుందన్నమాట. నాకు అంతకంటే ఏం కావాలి?

ఇక నేను కల్పించినదేదో చెప్పాలి. ఆవులు నిజం, స్టెతస్కోపూ నిజమే. నేను చెయ్యి పట్టుకుని నిలబడడమే అబద్ధం. కత్తెర చప్పుడు కాగానే వరండాలోకి పారిపోయాను. లోపలి సంగతంతా తలుపు సందులోంచి విన్నదీ, నర్సు నవ్వుతూ చెప్పిందీ. అయితే ఆ అబద్ధాన్ని పుట్టించింది కూడా నేను కాదు. ఇంటికి రాగానే బావ ఎదుట అక్కే అంది:

"నా తమ్ముడు చెయ్యి వదిలితే కదా!"