అమ్మవారి పేరున లైసెన్సు

డిగ్రీ అయిన ఏడాదే అనకాపల్లిలో ఒక బెల్లం కమిషన్ కొట్లో కంప్యూటర్ పనికి చేరాను. ముగ్గురు అన్నదమ్ముల కొట్టు అది. నేను చేరడానికి కొద్ది నెలల ముందు వాళ్ళు విశాఖపట్నంలోని ఒక కంపెనీ దగ్గర రిపోర్టులు చూపించే సాఫ్ట్‌వేర్ కొన్నారు. అమ్మిన మనిషి దాన్ని బిజినెస్ ఇంటెలిజెన్స్ అనేవాడు. ఏ ఊరి నుంచి ఎన్ని దిమ్మలు వచ్చాయి, ఏ రంగు బెల్లం ఏ ధర పలికింది, నిరుడు ఇదే వారం ఎలా ఉంది, అన్నీ రంగు పట్టీలుగా తెర మీద కనబడేవి. అలా కనబడాలంటే ముందు ఆ అంకెలన్నీ ఎవరో ఒకరు కొట్టాలి. కొట్టేది నేను.

ఆ సాఫ్ట్‌వేర్ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. దాన్ని తలకింత అని అమ్మేవారు. కొట్టుకి ఒకటి కొంటే చాలదు. చూసే ప్రతి మనిషికీ పేరు పేరునా ఒక లైసెన్సు కొనాలి, ప్రతి ఏడాదీ దాని మీద మళ్ళీ ఏఎంసీ అని నిర్వహణ రుసుము కట్టాలి. మార్కెట్ యార్డులో ఎండలో పేర్చిన బెల్లాన్ని దారిన పోయేవాళ్ళంతా చూడొచ్చు. అదే బెల్లం గురించి తెర మీద చూడాలంటే మాత్రం పేరుండాలి.

ఆ కొట్లో పేర్లు ఐదు. కొత్త పుస్తకం ఏది తెరిచినా మొదటి పేజీ అమ్మవారి పేరున రాసి, పసుపు పెట్టి, రెండో పేజీ నుంచి వ్యాపారం మొదలుపెట్టడం వాళ్ళ తాతల నాటి ఆనవాయితీ. కంప్యూటర్‌కీ అదే చేశారు. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి వచ్చిన మనిషి మొదటి యూజర్ పేరు అడిగితే, అన్నదమ్ముల్లో పెద్దాయన చేతులు జోడించి అమ్మవారి పేరు చెప్పారట. అతను అదే టైపు చేశాడు. అతనికేం, డబ్బు ఎవరి పేరున వచ్చినా డబ్బే. తక్కిన నాలుగూ ముగ్గురు అన్నదమ్ములకీ, పెద్దాయన అల్లుడికీ. మూడో ఆయన మాడుగులలో పొలాలు చూసుకుంటూ ఉండేవారు. ఆయన ఆ కంప్యూటర్‌ని ఒక్కసారి కూడా చూసి ఎరగరు.

నేను అమ్మవారి పేరుతో లోపలికి వెళ్ళి పని చేసేదాన్ని. ఆ పేరు ఒక్కటే ఎవరికీ అక్కర్లేకుండా ఉంది మరి. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. రెండో ఆయనకి అది రోజూ తినే కిళ్ళీ లాంటిది.

"ఏటమ్మా, ఆదివారం ఒకరికాడికి, సోమవారం ఒకరికాడికీనా? ఆళ్ళిద్దరికీ తెలుసేటి?"

గుమస్తాలు నవ్వేవారు. నేను తల వంచుకుని అంకెలు కొట్టేదాన్ని. జవాబులన్నీ ఇంటికి వెళ్ళాక డైరీలో వచ్చేవి.

నాకు కావలసింది ఒక్కటే, నా పేరున ఒక లైసెన్సు. పేరున్న వాళ్ళకే విశాఖపట్నంలో ట్రైనింగ్ ఇచ్చి సర్టిఫికెట్ ఇచ్చేవారు. అది చేతిలో ఉంటే ఇంకెక్కడైనా ఉద్యోగం అడగొచ్చు. లేకపోతే ఈ సీజను దాటాక నన్ను ఉంచుతారో లేదో కూడా తెలియదు. ట్రైనింగ్‌కి అల్లుడు వెళ్ళాడు. భోజనం బాగుందని వచ్చి చెప్పాడు. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాడు.

ఏఎంసీ కట్టే నెలలో సాఫ్ట్‌వేర్ అమ్మిన మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. మజ్జిగ ఇస్తే గ్లాసు అంచు రుమాలుతో తుడుచుకుని తాగాడు. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్ళారో కంప్యూటర్ రాసి పెట్టుకుంటుందట. అది తీసి చూశాడు.

"సర్, మీ నలుగురిలో ఎవరూ ఏడాదిగా లాగిన్ అవలేదు. ఈ ఫస్ట్ యూజర్ ఒక్కరే రోజూ పొద్దున్నించి సాయంత్రం దాకా వాడుతున్నారు. ఎవరు సర్ ఆవిడ?"

పెద్దాయన మళ్ళీ చేతులు జోడించారు. "అమ్మోరు బాబూ."

"అంటే, మీ మదర్ గారా?"

"ఊరందరికీ అమ్మే."

రెండో ఆయన నా వైపు వేలు చూపించారు. "ఆయమ్మ పేరు, ఈ పిల్ల సెయ్యి. అందులో తప్పేటుంది?"

తప్పేనట. ఎవరి పేరుందో వాళ్ళే వాడాలట. ఇంకొకరు వాడితే కంపెనీ జరిమానా వేస్తుందట. నాకు కొత్త లైసెన్సు తీసుకోమని ధర చెప్పాడు. పెద్దాయన నన్ను కింద నుంచి పైకి చూసి, "ఈ అమ్మాయి ఏడాది జీతం కన్నా ఎక్కువే," అన్నారు. ఆ మనిషి నవ్వాడు. ఆ నవ్వుకి అతన్ని నేను క్షమించలేదు.

నవ్వి, ఇంకో దారి చెప్పాడు. "రెన్యువల్ అప్పుడు ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టుకోవచ్చు సర్. దానికి పైసా అక్కర్లేదు."

నలుగురిలో ఒక్కరు ఊఁ అంటే చాలు. ఏడాదిగా ఎవరూ ముట్టని పేర్లు అవి.

అమ్మవారి పేరు తీసే మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తుతారని నేనూ అనుకోలేదు. పెద్దాయన పేరు తీస్తే కొట్టు ఎవరిదంటారు. రెండో ఆయన, "నన్నే తీసెయ్యండి, ఎలాగూ నాకు ఇలువ లేదు కదా," అన్నారు, అంటే తీయకూడదని. మూడో ఆయన పేరు తీస్తే, "వాటా దగ్గిర ఏటి సేత్తన్నారని వాడు మాడుగుల నుంచి బస్సెక్కి వచ్చేత్తాడు," అన్నారు పెద్దాయన. అల్లుడి సంగతి అడగనే లేదు. అతను సర్టిఫికెట్ కిందే కూర్చుని ఉన్నాడు. ఆ నాలుగు పేర్ల గురించి గంట సేపు మాట్లాడుకున్నారు. అంతసేపూ నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా పేరేమిటో ఒక్కరూ అనలేదు.

చివరికి ఇలా తేల్చారు. అమ్మవారి పేరు ఇక ఎవరూ ముట్టుకోకూడదు. పెద్దాయన తన పేరుతో కుర్చీలో కూర్చుంటారు, నేను వెనక నిలబడి ఎక్కడ నొక్కాలో చెబుతాను. అప్పుడు వాడేది ఆయనే అవుతుంది కదా అన్నారు. సాఫ్ట్‌వేర్ మనిషి దానికీ తల ఊపి, చెక్కు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి నేను నిలబడ్డాను. పెద్దాయన మౌసుని చపాతీ కర్రలా రెండు చేతులతో పట్టుకునేవారు. నేను కుడి వైపు అంటే ఆయన కుడి వైపుకి వంగేవారు. నాకు క్షణంలో అయ్యే పనికి మధ్యాహ్నం దాటేది. ఆయన ముసలితనం చూసి జాలిపడవలసింది. జాలి కలగలేదు, కాళ్ళు నొప్పి పుట్టాయి.

ఒకరోజు పెద్దాయన సబ్బవరంలో పెళ్ళికి వెళ్ళారు. ఆ పూటే ఒరిస్సా నుంచి పెద్ద బేరం వచ్చింది. ఆ వర్తకుడికి నిరుటి ధరలూ ఈ ఏటి ధరలూ పక్కపక్కన చూపించాలి. అల్లుడు తన పేరుతో లోపలికి వెళ్ళాడు గాని, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. కాసేపు అటూ ఇటూ నొక్కి, కుర్చీలోంచి లేచాడు.

"ఇలా రామ్మా, కూకో. ఓసారి తెరిచి చూపించెయ్ ఈయనకి."

"నా పేరు లేదండి అందులో."

"ఏటీ?"

"నేను వాడకూడదండి. మీరు నొక్కండి."

"ఎవడొచ్చి చూస్తాడు? కూకోమన్నాను కదా."

"కంప్యూటర్ రాసుకుంటుందని ఆ సాఫ్ట్‌వేర్ ఆయన చెప్పేరు కదండీ."

అల్లుడు మళ్ళీ కుర్చీలో కూర్చోలేదు. రెండో ఆయన నా వైపు చూశారు, మొదటిసారి నవ్వకుండా. ఒరిస్సా వర్తకుడికి తెలుగు ఎంత అర్థమైందో గాని, మజ్జిగ తాగి, యార్డులోకి వెళ్ళి చేత్తో ముక్క విరిచి చూసుకుని, పక్క కొట్లో బేరం చేసుకున్నాడు.

సాయంత్రం పెద్దాయన పెళ్ళి నుంచి నేరుగా కొట్టుకే వచ్చారు. అల్లుడు చెప్పింది విన్నారు. నన్నేమీ అడగలేదు. "రేపట్నించి రానక్కర్లేదమ్మా," అన్నారు. బెదిరింపు లేదు, విసుగు కూడా లేదు. తూకం అయిపోయిన బస్తాని పక్కకి పెట్టమన్నట్టే అన్నారు.

ఉద్యోగం పోయిందని ఇంట్లో ఏడ్చాను. ఆ మాట అన్నందుకు మాత్రం ఏడవలేదు. జీతం కోసం శనివారం వెళ్తే కుర్చీ ఖాళీగా ఉంది, తెర మీద గుడ్డ కప్పి ఉంది. గుమస్తా వోచరు నా ముందుకి తోసి, ఇక్కడ పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టమన్నాడు. ఇంటి పేరుతో సహా రాశాను.