తాళు తొమ్మిది

దయ్యాలంటే నాకు చిన్నప్పటినుంచీ లెక్కలేదు. కోయంబత్తూరు పక్కన కినత్తుకడవులో మా కొబ్బరితోటలో ఏదో తిరుగుతుందని మా అవ్వ హడలగొడితే, పంతానికి అక్కడే చాప వేసుకుని పడుకున్న మొండివాణ్ణి. సమీకరణంలో ఇమడనిది లోకంలో లేదనుకునేవాణ్ణి. ఇప్పుడూ పెద్దగా మారలేదు. ఒక్క కాగితం మాత్రం నన్ను వదలడం లేదు.

కెమికల్ ఇంజనీరింగ్ చదివి కోయంబత్తూరులో ఒక మిల్లులో చేరాను. బట్టను తెల్లబరిచే సెక్షన్. పెద్ద ఇనుప తొట్టిలో బట్ట, మందునీళ్ళు. ఆ నీళ్ళు పైపులో పోయి, ఆవిరితో వేడెక్కి, తిరిగి తొట్టిలోకి వస్తాయి. వేడి మితిమీరితే బట్ట చీకిపోతుంది.

ఆవిరి వాల్వు తిప్పేది సవరిముత్తన్న. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. బడిలో నేర్చింది తమిళమే కాబట్టి తెలుగు మాటనైనా తమిళ అక్షరాల్లోనే రాసేవాడు.

ఆ తొట్టికి సమీకరణం కట్టడం నా పని. వచ్చే వేడి ఎంత, పోయే వేడి ఎంత, ఇప్పుడు వాల్వు ఇంత తెరిస్తే తర్వాత ఎంత ఎక్కుతుంది. అది కుదిరితే వాల్వును యంత్రానికి అప్పగించవచ్చు.

ఇంతలో రెండు లోడ్ల బట్ట చీకిపోయింది. మేనేజరు కారణం అడిగారు. వేడి ఎక్కినా తగ్గినా సవరిముత్తన్న వాల్వు ముట్టకుండా నిలబడుతున్నాడని రాసిచ్చాను. ఆయన రోజూ పని రాసే లాగుబుక్కులో ప్రతి లోడు పక్కనా ఊదా పెన్సిలుతో తమిళ అక్షరాల్లో ‘తాళు 6’ అని ఉంది. తమిళంలో తాళ్ అంటే కాగితం. పని మానేసి కాగితాలు లెక్కపెడుతున్నాడా అని నవ్వుకున్నాను కూడా.

ఆయన్ని పనిలోంచి నిలిపేశారు. పోతూ పోతూ, “సుమ్మా నిలబడలే సార్. మీ కణక్కులో ఏదో విట్టుపోయింది, సూడండి,” అన్నాడు. ఊరికే నిలబడలేదట, నా లెక్కలోనే ఏదో వదిలిపోయిందట. ఎక్కడో దూరాన పెరియకుళంలో కూతురింటికి వెళ్ళిపోయాడు. లాగుబుక్కు నా సొరుగులో పెట్టి తాళం వేశాను.

యంత్రం పెట్టాం. వేడి ఉయ్యాలలా పైకీ కిందికీ ఊగింది. మరో లోడు పాడైంది. ఈసారి నింద వెయ్యడానికి సవరిముత్తన్న లేడు.

ఆదివారం ఇంటికి వెళ్ళాను. ఆకలని వంటింట్లోకి తొంగిచూస్తే అవ్వ, “తాళురా, ఇంకా ఉడకలే,” అంది.

అక్కడే నిలబడిపోయాను. అది తమిళ కాగితం కాదు, మన తాళు. ఆగమని. వాల్వు తిప్పాక వేడినీళ్ళు పైపంతా నడిచి వచ్చేదాకా ఆరు నిమిషాలు ఆగాలి. ఆగకుండా ఇంకా తెరిస్తే వేడి మితిమీరుతుంది. ఆ ఆలస్యం గురించి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, సమీకరణంలో వదిలేశాను. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు. పైగా ఆ రెండు లోడ్లూ చీకింది, పక్కన నిలబడి “తెరవండి, తెరవండి” అని నేను తొందరపెట్టిన రోజుల్లోనే. సిగ్గేసింది.

సోమవారం పొద్దున పది గంటలకు సొరుగు తెరిచాను. తాళంచెవి ఒక్కటే, అది నా జేబులోనే ఉంది. లాగుబుక్కులో ఆయన చివరి లోడు కింద కొత్త వరుస ఒకటి ఉంది. ఆ పొద్దున్నే వేసిన లోడు నంబరు. పక్కన ‘తాళు 9’. అదే ఊదా పెన్సిలు, అదే వాలు రాత.

తొమ్మిదేమిటి, ఆరు కదా అనుకున్నాను. గడియారం పట్టుకుని వాల్వు తెరిచాను. ఆరు నిమిషాలకు తొట్టి వేడి చూపే ముల్లు కదల్లేదు. తొమ్మిదికి కదిలింది.

ఫిట్టరును అడిగితే, నిన్న సెలవురోజున నీళ్ళు వేడిచేసే పెట్టెను గోడ వెనక్కి జరిపి పైపు పొడిగించామన్నాడు. నాకెవరూ చెప్పలేదు.

తప్పు నాదేనని మేనేజరుకు రాసిచ్చాను. సవరిముత్తన్నను పిలిపించారు. ఆయనకు ఆ వరుస చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“చెయ్యి నాదే సార్. రాసింది నేను కాదు. ఆ దినం నేను పెరియకుళంలో మామిడికాయ కోస్తా ఉంటి,” అన్నాడు. తర్వాత వెళ్ళి కొత్త పైపు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

ఎవరు రాశారో, ఎలా రాశారో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ తర్వాత కట్టిన ప్రతి సమీకరణంలోనూ ఆ ఆలస్యానికి ‘తా’ అని గుర్తు పెట్టుకున్నాను. దాని విలువ ఎప్పుడూ కొలిచే తెలుసుకున్నాను. ఆ ఒక్కసారి మాత్రం, కొలవకముందే నాకెవరో చెప్పారు.