ఇప్పచెట్టు దులిపిన అల్లుడు

నా చిన్నప్పుడు మా గూడెంలో బూట్ల చప్పుడు వినపడితే కుక్కలు కూడా మొరగకుండా గుడిసెల వెనక్కి పోయేవి. గోదావరికి ఇవతల నవాబు రాజ్యం, అవతల భద్రాచలం దిక్కున తెల్లవాళ్ల రాజ్యం. మాకు రెండూ ఒకటే. ఇవతల దొర వెట్టికి పిలిస్తే పోవాలి, అవతల అడవిలో కట్టె కొడితే జరిమానా కట్టాలి. మైదానం ఊళ్లలో జనం దొరల మీద, నవాబు మీద తిరగబడ్డారని, వాళ్లలో కొందరు తుపాకులు పట్టి అడవిలోకి వచ్చారని పెద్దవాళ్లు గుసగుసలాడుకునేవారు. వాళ్లను మేం సంఘపోళ్లు అనేవాళ్లం. అలాంటి ఒకాయనను దాచారని మా పక్క గూడేన్ని పోలీసులు తగలబెట్టారు. ఆ పొగ మాకు కనపడింది. అప్పటినుంచి నాకు అన్నం సరిగా దిగేది కాదు.

ఎండలు ముదరకముందు ఒక సంఘపాయన మా ఇంటికే వచ్చాడు. కారేపల్లి దిక్కున ఒక దొర దగ్గర జీతం ఉండి, దెబ్బలు తిని తిని చివరికి తిరగబడ్డ మనిషి. మంచివాడే. నన్ను ‘అమ్మా’ అని పిలిచేవాడు. అయినా ఆయన్ని చూస్తే నాకు ఆ పొగే కళ్ల ముందుకొచ్చేది. ఎప్పుడు పోతాడా అని చూసేదాన్ని. సాయంత్రం పడవ మీద నది దాటించాలని మాట అయింది. అందాకా గుడిసెలో ఉంచితే దొరికిపోతాడని మా అమ్మమ్మ ఆయన చొక్కా విప్పించి, గోచీ కట్టించి, చొక్కా కింద తెల్లగా ఉండిపోయిన ఒంటికి బూడిద రాసి, తెల్లవారుతుండగా మాతోపాటు ఇప్పపువ్వు ఏరడానికి తీసుకుపోయింది. అమ్మమ్మ, ఇంకా పెళ్లికాని మా చిన్నమ్మ, నేను, ఆయన.

ఇప్పపువ్వు తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. అది దానంతట అదే రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకులు ముందే కాల్చి నేల శుభ్రం చేసుకుంటాం, తెల్లవారేసరికి రాలినవి కూర్చుని ఏరుకుంటాం. చెట్టును ఎవరూ ముట్టరు. దులిపితే రేపటి మొగ్గ పోతుంది, తర్వాత నూనెకు కాయ కూడా ఉండదు. ఈ సంగతి మాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆయనకు తెలియదు. మేం చెప్పాలని అనుకోలేదు, ఎందుకంటే అది చెప్పాల్సిన సంగతని మాకు తోచలేదు.

ఇంకా ఎండ రాలేదు. బూట్ల చప్పుడు వినపడింది. జవాన్లు చెట్ల మధ్య నుంచి వస్తున్నారు, వాళ్ల ముందు పటేలు దగ్గర పనిచేసే మనిషి దారి చూపిస్తున్నాడు. సంఘపాయనకు భయమేసింది. పనిలో ఉన్నట్టు కనపడాలనుకున్నాడు కాబోలు, పక్కనున్న కర్ర అందుకుని రేగుచెట్టు దులిపినట్టు ఇప్పకొమ్మను టపటపా కొట్టాడు.

పటేలు మనిషి అక్కడే ఆగిపోయాడు. వాడిది మా దిక్కే, అడవి తెలిసినవాడు.

“ఏందే ముసలిదానా, ఇప్పచెట్టును దులిపేటోడు మీ గూడెంల ఎన్నడు పుట్టిండు?”

పక్క గూడెం పొగ మళ్లీ నా ముక్కులోకి వచ్చినట్టయింది. అమ్మమ్మ మాత్రం లేచి, ఆయన చేతిలో కర్ర గుంజుకుని, ఆయన వీపు మీద ఒక్కటి వేసింది. ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి.

“పుట్టలే అయ్యా, నేనే తెచ్చుకున్న! నా చిన్నబిడ్డకు మొగుడైతడంట, నా ఖర్మ. తల్లి సచ్చినంక ఎర్రుపాలెం దిక్కు గొడ్లు కాసుకుంట పెరిగిండు, అడివి మర్సిండు. గీనికంటె ఒక ఎద్దును తెచ్చుకున్నా దున్నేది గదా!”

మాలో అలాంటి ఆచారం ఉంది. పిల్ల ఇంటివాళ్లకు కట్నంగా ఇచ్చుకోవడానికి ఏమీ లేని మగవాడు పెళ్లికి ముందు పిల్ల ఇంట్లో ఉండి పనిచేస్తాడు. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ అతణ్ని పరీక్షిస్తారు, ఎగతాళి చేస్తారు, తిడతారు. చిన్నపిల్లలు తిట్టినా అతను పడాల్సిందే.

“నాకొద్దు అమ్మా గీడు, మొన్ననే చెప్పిన” అని చిన్నమ్మ మూతి తిప్పింది. ఒక జవాను నవ్వాడు. పటేలు మనిషి నవ్వలేదు. సంఘపాయన చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నా ముందుకొచ్చి కూర్చున్నాడు.

“పెద్దోళ్లు వంద చెప్తరు. చెప్పు పోరీ, ఈడు నీకేమైతడు?”

ఒంటేలు కాళ్ల వెంట కారిపోవడం తెలుస్తోంది. అమ్మమ్మ వైపు చూడాలనుంది, చూస్తే దొరికిపోతామనీ తెలుసు. ఎక్కణ్నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు, ఒక్కసారిగా అరిచాను.

“ఏం కాడు! పని నేర్వలే ఇంక. తింటడు, పంటడు! అమ్మమ్మ ఈణ్ని ఎల్లగొడ్తది!”

అరుస్తూనే ఏడ్చాను. ఆ పటేలు మనిషి నా మొహంలోకి చూసి చూసి పకపకా నవ్వాడు.

“ఓయమ్మ, ముసలిదాన్ని మించింది గదా గీ పిల్ల! అరే అల్లుడా, గీ ఇంట్ల నువ్వు బతుకవు గని జల్దీ పారిపో!”

జవాన్లు కూడా నవ్వుకుంటూ మా గంపలో పువ్వు దోసిళ్లతో తీసుకుని నములుతూ వెళ్లిపోయారు.

చప్పుడు పూర్తిగా పోయేదాకా అమ్మమ్మ తిడుతూనే ఉంది. ఆ తర్వాత కూలబడింది. నన్ను దగ్గరికి లాక్కుని నా అరచేతిని తన గుండె మీద పెట్టుకుంది. పట్టుకున్న పిట్ట కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది.

“సూసినవా? నాకు భయం లేదనుకున్నవా బిడ్డా? లోపల దాసుకుంటే అది మొఖానికొస్తది. అందుకే తిట్లల్ల కలిపి బయట పారేసిన. నువ్వు గూడ గదే చేసినవ్.”

అంతవరకు నేను భయపడేది పిల్లలేనని అనుకునేదాన్ని. దొర మీద తిరగబడ్డ ఆ మనిషి కూడా చెట్టు మొదట్లో కూర్చుని పిల్లాడిలా వెక్కుతున్నాడు. అమ్మమ్మ ఆయన వీపు మీద వాతకు ఇప్పనూనె రాస్తూ, “తప్పయింది కొడకా, గట్టిగనే తగిలింది” అంది. ఆ సాయంత్రం ఆయన నది దాటాడు. తర్వాత బతికాడో, ఎక్కడైనా తూటాకు పడిపోయాడో మాకు తెలియలేదు. నవాబు పోయాడు, తెల్లవాళ్లు పోయారు. ఆయన కబురు మాత్రం రాలేదు.

నేను చాలా ఆలస్యంగా అక్షరాలు నేర్చుకున్నాను. బడి పంతులు కంటే ముందు పాఠం చెప్పింది ఆ తెల్లవారుజామే. మొన్న ఖమ్మం దవాఖానాలో స్కానింగుకని గొట్టంలాంటి పెద్ద మిషన్లోకి నన్ను పంపబోతే అక్కడి కుర్రాడి మీద పైకప్పు ఎగిరిపోయేలా అరిచాను. “అత్తమ్మా, అందరు సూస్తున్నరు, జర మెల్లగ” అని మా కోడలు సిగ్గుపడింది. గయ్యాళి ముసలిదని వాళ్లు అనుకుని ఉంటారు. అనుకోనీ. అరిచాకే నేను ఆ మిషన్లోకి పోగలిగాను. ఇంకొకటి కూడా నాకు మిగిలింది. నా మీద ఎవరైనా గొంతు పెంచితే వెంటనే తిరిగి అరవను. వాళ్లకు దేనికి భయమేసిందో ముందు చూస్తాను.