కణుపుకూ కణుపుకూ మధ్య

కెనడాలో, విండ్సర్ శివార్లలోని ఒక గ్రీన్‌హౌస్‌లో చామంతి కుండీలకు ఎదుగుదల తగ్గించే మందు కలపడం నా పని. చదువు పదితోనే ఆగింది. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. అది తెలిసే, వరంగల్ దగ్గర పత్తి వేసిన మా అక్క ఆ ఆగస్టులో నాకు వీడియో కాల్ చేసింది. ఉదయం షిఫ్టుకు ముందు పార్కింగ్‌లో, కారులోనే ఉన్నాను.

"చెట్టు నడుము దాటిందిరా. ఆకే గానీ కాయ లేదు. గూడంతా రాలుతాంది."

గూడ అంటే పువ్వు కాబోయే మొగ్గ. అది రాలితే ఆ ఏడు పత్తి లేనట్టే.

"నువ్వు పూలకు కొట్టేటి అసొంటి మందు పత్తికి సుత ఉన్నదట గదా. కొట్టాల్నా, వద్దా?"

నాకూ భయం వేసింది. కొట్టకపోతే బలమంతా ఆకుకే పోతుంది. కొట్టాక వానలు ముఖం చాటేస్తే చెట్టు గిడసబారిపోతుంది. చెట్టు ఎంత జోరుగా సాగుతోందో కొనన కణుపుల ఎడమే చెబుతుంది.

"కొనన కణుపుల మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నయక్కా?"

"నాలుగు."

"ఎక్కడున్నవ్?"

"గట్టు మీద."

"గట్టు పక్క చెట్లకు వెలుతురు ఎక్కువ. లోపలికి పో. చేతికి ఏది దొరికితే ఆ చెట్టు చూడు."

"ఈ బురదలనా? కెనడాల కార్ల కూసొని మస్తు చెప్తవ్ రా!" అని తిడుతూనే చేలోకి దిగింది.

పల్లంలో లోపల కూడా నాలుగు వేళ్లే. మెరక మీది ఇసుక నేలలో రెండే. చేను మొత్తానికి సగటు కట్టి మూడు అని చెప్పబోయి ఆగాను. మూడు వేళ్ల చెట్టు ఆ చేలో ఒక్కటీ కనబడలేదు.

"పల్లానికే కొట్టు. మెరక జోలికి పోకు," అన్నాను.

పత్తి ఏరే రోజుల్లో మళ్లీ ఫోన్ చేసింది. కారు అద్దం మీద మంచు గీకుతున్నాను. పల్లంలో మందు కొట్టిన ఒక చెట్టును పీకి, ఆకులు దూసి, కెమెరా ముందు నిలబెట్టింది. కింద వానకు సాగిన కణుపులు నాలుగేసి వేళ్ల దూరంలో ఉన్నాయి. ఒక చోట నుంచి పైకి మాత్రం ఒక్కో వేలే. ఆ పైనంతా పగిలిన కాయలు తెల్లగా ఉన్నాయి. ట్యాంకు నీళ్లలో కాసిన్ని చుక్కలు కలిపితే చెట్టు ఇంతగా మాట విన్నదా?

"కాయ నిలబడ్డదిరా!"

ఆ రోజు మొదటిసారి, మందు కలిపే ముందు ఒక చామంతి కుండీ దగ్గర వంగి, ఆకులు పక్కకు తప్పించి, కణుపుల మధ్య వేలు పెట్టి చూశాను.