జాజు పట్టీ లేని గది

పోయినేడు నిజామాబాద్‌లోని మా ఇంటికి రంగులు వేయించే ముందు నాకు పూనకం వచ్చినట్టయింది. నెల రోజులు ఫోన్‌లో వేరేవాళ్ల ఇళ్లు చూశాను. షాపువాడిచ్చిన రంగుల పుస్తకాన్ని కిటికీ దగ్గర ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి తిప్పి తిప్పి చూశాను. మా ఆయనను అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి అన్నిటికీ ఆయన చెప్పేది అదే. చివరికి ఇల్లంతా ఒకటే రంగని తేల్చాను. పాలమీగడ తెలుపు. గోడలు, తలుపులు, చౌకట్లు అన్నీ అదే. కింద తెల్ల టైల్స్ ఎలాగూ ఉన్నాయి.

అత్తమ్మ మాత్రం ఒక్కటి అడిగింది. ఆమె కోటగిరి నుంచి మా దగ్గరికి వచ్చి పదేళ్లవుతుంది. ఊళ్లో ఉన్నన్నాళ్లు పండగ ముందు తనే గోడలకు సున్నం కొట్టి, కింద జానెడు ఎత్తున జాజుతో, అంటే ఎర్రమట్టితో, పట్టీ వేసి, దర్వాజ చుట్టూ కూడా అదే జాజు పూసేది. ఇక్కడికి వచ్చాక తన గదికి అలాంటి పట్టీనే ఎర్ర పెయింటుతో వేయించుకుంది.

"బిడ్డా, నా అర్రకు గా ఎర్ర పట్టీ ఉంచుమను. దర్వాజ సుట్టు గూడ," అన్నది.

"ఇప్పుడు గిట్ల ఎవరు ఏయించుకుంటున్నరు అత్తమ్మా? ఇది ఊర్ల ఇల్లు గాదు గదా," అన్నాను నవ్వుతూ.

మర్నాడు మళ్లీ అడిగింది. ఈసారి నేను నవ్వలేదు. ఆమెది చాదస్తమని, నాది అభిరుచి అని అప్పటికే తీర్పు చెప్పేసుకున్నాను. ఎందుకు కావాలో అడగాలని తోచనే లేదు. బోధన్ నుంచి వచ్చే పెయింటర్ భాయి కూడా బ్రష్షులు కడుక్కుంటూ, "అక్కా, అమ్మ రెండుసార్లు చెప్పింది. అర్ధగంట పని, ఏసేస్త," అన్నాడు.

"వద్దు భాయి, షో ఖరాబైతది," అన్నాను.

రంగులు ఆరిన వారానికి ఆమె గది గోడ మీద నడుము ఎత్తున చేతి మరకలు కనిపించాయి. మంచం దగ్గర మొదలై తలుపు దాకా వరసగా ఉన్నాయి. తడిబట్టతో తుడిచాను. మర్నాటికి మళ్లీ పడ్డాయి. మూడోసారి తుడుస్తూ, "కొత్త గోడలు గదా అత్తమ్మా, జర చేతులు పెట్టకు," అన్నాను. "సరే బిడ్డా," అన్నది. ఆ తర్వాత గోడ మీద మరకలు లేవు. సిగ్గులేకుండా సంతోషించాను కూడా.

నాలుగో రోజు పొద్దున వంటింట్లో ఉండగా ధబ్బున చప్పుడైంది. తలుపు ఎటుందో తెలియక అత్తమ్మ చౌకట్టుకు గుద్దుకొని పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో డాక్టర్ ఆమె కళ్లలోకి లైటు వేసి చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయన్నాడు. ఎన్నాళ్ల నుంచి కనబడటం లేదని అడిగాడు.

"రెండేండ్లయితుంది సారు. ఎర్రది, నల్లది జర తెలుస్తది. తెల్లదైతేనే ఏం తెల్వది," అన్నది అత్తమ్మ.

మాకు చెబితే ఒక మూలన కూర్చోబెట్టి ఏ పనీ చేయనివ్వమని భయపడిందట. ఆ ఎర్ర పట్టీని చూసుకుంటూ ఆమె రెండేళ్లు ఎవరి సాయం లేకుండా తిరిగింది. నేను పట్టీ తీసేశాను. గోడ పట్టుకొని నడిస్తే ఆ చేతినీ తీయించాను.

తర్వాత పట్టీ వేయించాం, కంటి ఆపరేషన్లు చేయించాం. ఇప్పుడు ఆమెకు బాగానే కనిపిస్తోంది. ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఇక్కడితో ఆపేస్తాను. కానీ ఆపరేషన్లకు ముందు జరిగింది ఒకటుంది, అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆస్పత్రి నుంచి తెచ్చిన మర్నాడు కోటగిరి నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. కళ్ల సంగతి ఆమెకు ఇంకా తెలియదు. ఎట్లా పడ్డావని తల్లిని అడిగింది.

"నీళ్లు పడ్డయి బిడ్డా. సూసుకోలే," అన్నది అత్తమ్మ.

"గీ వయసుల జర సూసుకొని నడువాలె గదనే అవ్వా," అని ఆడబిడ్డ కోపం చేసింది. తర్వాత నా వైపు తిరిగి, "నిజంగ నీళ్లేనా వదినా?" అని అడిగింది.

ఆ పొద్దున మా ఇంట్లో ఎక్కడా నీటి చుక్క లేదు. అవునన్నట్టు తల ఊపాను. నోటితో చెబితే ఆ అబద్ధం అత్తమ్మ వింటుంది. తల ఊపితే ఆమెకు కనిపించదు.

నేనింకా జవాబు చెప్పలేదనుకొని ఆమె కంగారుపడింది. "మీ వదినను ఏమడుగుతవ్? దాని తప్పేం లేదు," అన్నది. అని, నేను అక్కడున్నాననుకొని ధైర్యం చెబుతున్నట్టు తలుపు వైపు చూసి నవ్వింది. నేను ఆమె మంచం పక్కనే, ఊపిరి కూడా వినబడకుండా నిలబడ్డాను.